అరసున్నా

డెన్‌జిల్ అక్రాయిడ్, ఊరు రాథరమ్.
వారమంతా చెత్తబండి వెనక, శనివారం రాత్రి నీలం మూలలో.
గెలుపులు ఎనిమిది, ఓటములు నూట ముప్పై ఒకటి, సమం ఐదు.

ముందు గెలుపే రాస్తారు, అది ఆచారం.
ఎనిమిది పక్కన నూట ముప్పై ఒకటి వచ్చి నిలబడితే
దూడ వెనక లారీ హారన్ కొట్టినట్టుంటుంది.
సమాల సంగతి ఎవరూ అడగరు.
అవి పాత పుస్తకాల్లోని అరసున్నాలు:
ఉన్నాయని తెలుసు, పలికే నోరు లేదు.

ఎదుటి మూలలో కుర్రాడికి ఏడు, సున్నా.
ఆ సున్నాకే టికెట్లు తెగుతాయి.
చిన్నాన్నలు, గ్యారేజీ స్నేహితులు, పాత టీచరొకామె
అందరూ గుడ్డు చుట్టూ చేరినట్టు చేరతారు,
పగలకూడదని ఊపిరి బిగబట్టి.

నూటికి నూరు, అంటుంది పట్టిక.
ఎవరి మీద నూరు?
పట్టిక అడగదు. టాబిత అడిగింది.
డెన్‌జిల్ కూతురు, పదకొండేళ్లు, లెక్కల నోట్సు చివరి పేజీలో
కుర్రాడు ఓడించిన ఏడుగురి పేర్లూ వరసగా రాసి
వాళ్ల గెలుపులు కూడింది: నలభై మూడు.
ఓటములు కూడింది: ఐదువందల ఎనభై ఆరు.
"నాన్నా, వీళ్లంతా నువ్వే కదా."

నలభై సెకన్లలో నేలకరిస్తే ఒకటి.
నాలుగు రౌండ్లూ నిలబడి ఒక్క పాయింటుతో పోతే అదీ ఒకటి.
నూట రెండు జ్వరంతో, అరువు బూట్లతో,
ఉదయం పదకొండుకు పిలుపొస్తే సాయంత్రానికి వెళ్లి ఓడినదీ ఒకటే.
ఒకటికి మొహం ఉండదు.

కింద పడడం మాత్రం అతనికి ఇష్టముండదు.
పడితే డాక్టరు నెల రోజులు ఆపేస్తాడు.
నెలంటే నాలుగు శనివారాలు,
నాలుగు శనివారాలంటే బాయిలరు బిల్లు.
అందుకే అతని ఓటములు చాలావరకు నిలబడినవే,
గంట మోగాక కుర్రాడి భుజం తట్టి
"గడ్డం కాస్త దించుకో" అని చెప్పి వచ్చినవే.

మరి అక్టోబరులో బార్న్‌స్లీలో ఏమైందో అతనికే తెలియదు.
మూడో రౌండులో ఎడమచెయ్యి తనంతట తాను వెళ్లింది,
లెక్కలు మొదలుకాకముందు నేర్చుకున్న చెయ్యి.
కుర్రాడు కూర్చుండిపోయాడు, కుర్చీ ఉందనుకున్నట్టు.
ఎనిమిది అంకెలయ్యాక లేచాడు.
చివర్లో రిఫరీ కాగితం: ముప్పై ఎనిమిది, ముప్పై ఏడు.
పైకి లేచిన చెయ్యి డెన్‌జిల్‌ది.

హాల్లో ఎవరో బీరు గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడు,
అంతే, ఇంకేం లేదు.
"సారీ, బాబూ" అన్నాడు కుర్రాడి చెవిలో.
ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు,
గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు:
అది వ్యాజ్యాల గురించేననుకున్నాను ఇన్నాళ్లూ.

ఫోను మోగలేదు.
పందేలు కుదిర్చే హాల్డెన్‌బీ ఒకసారి మార్కెట్లో ఎదురై,
"నీ మీద భరోసా ఉండేది, డెన్" అన్నాడు,
ఇల్లరికం చెడిపోయినట్టు మొహం పెట్టి.
రెండు శనివారాలు. నాలుగు. ఆరు.
టాబిత మళ్లీ భాగహారం చేసింది.
నూట నలభై అయిదింట్లో తొమ్మిది.
ఐదున్నర శాతం కాస్తా ఆరు దాటింది.
నాన్న ఎన్నడూ ఇంత ఎత్తుకు ఎక్కలేదు.
ఇద్దరూ వంటింట్లో కోట్లు వేసుకునే కూర్చున్నారు,
బాయిలరు ఆపేసి.

ఏడోవారం శుక్రవారం మోగింది.
గ్రిమ్స్‌బీ. రేపే. ఎవడిదో వేలు విరిగిందట.
"కుర్రాడిది ఎంత?"
"ఐదు, సున్నా."
డెన్‌జిల్ సంచీ దించాడు, బ్యాండేజీ చుట్టలు లెక్కపెట్టాడు,
పళ్లకవచం కుళాయి కింద కడిగాడు.

టాబిత నోట్సు తెరిచి పట్టుకుంది.
"ముందే రాసెయ్యనా, నాన్నా? నూట ముప్పై రెండు?"
నీళ్లు ఇంకా కారుతున్నాయి.
అతను ఎడమచేతి వంక చూసుకున్నాడు,
కుళాయి కట్టేశాడు.

"పెన్సిలుతో రాయి" అన్నాడు.